ఎవరన్నా

ధర్మాబాద్ మిరప యార్డుల
మాఘం దాటినంక
అందరి కండ్లల్ల నీళ్ళే.
అడ్తిదారుకు, హమాలీకి,
తొడిమెలు గిల్లే ఆడకూలీలకు,
నాందేడ్ నుంచి వచ్చిన బ్యాంకు సారుకు,
కాంటా కాడ కూసోని
బస్తాకో గీత గీసే నాకు.
అందుకే ఇక్కడ
ఎవరు ఏడుస్తున్నరో తెల్వదు.

పన్నెండేండ్ల కింద
మా నాయిన పోయిన నెలకు పనిలకొచ్చి
రెండు పూటలు ఇదే గోనెపట్ట మీద ఏడ్చిన.
"ఇయ్యాల సరుకు బాగ ఘాటున్నదిరా"
అన్నరు పక్కోళ్ళు.
అవునన్న.

ఆ మంగళారం గూడ ఘాటు ఎక్కువే.
వేలం నడుస్తున్నది.
అంకెలు మరాఠీల, తిట్లు తెలుగుల,
అసలు బేరం రుమాలు కింద వేళ్ళతోని.
హన్మాండ్లు డెబ్బయి రెండో బస్తా దించి
దాని పక్కనే కూసున్నడు.
కూసున్నోడు ఒరిగిండు.
ఒరిగినోడు దగ్గిండు.

దగ్గుడు మా దగ్గర వార్త కాదు.

నేను చూసిన.
చూసి, మాణిక్ సేటు మొహం చూసిన.
సేటు దలాలి మొహం చూస్తున్నడు.
దలాలి హమాలీల దిక్కు,
హమాలీలు నా దిక్కు:
కాంటా కాడి గుమాస్తా, సదువుకున్నోడు,
ఏమన్న అయితె ఆయినె లేస్తడు గద అని.
అద్దానికి ఎదురుగ అద్దం పెట్టినట్టు,
నడుమ మనిషి లేడు.
అందరు నిమ్మలంగున్నరని
అందరం నిమ్మలంగున్నం.

మనసుల ఇంకో లెక్క గూడ నడిచింది, చెప్త.
బాసర దిక్కు రైలు దిగేటోళ్ళు మనోళ్ళు,
ఉమ్రి దిక్కుకెల్లి వచ్చేటోళ్ళు వాళ్ళోళ్ళు.
హన్మాండ్లు నడిచి వస్తడు.
ఎవలోడో తేలలేదు.

నలభై మందిమి ఉంటిమి.
ఒక్కన్నే ఉంటే ఉరికేటోణ్ణి,
ఒట్టు.
పాపం గూడ సరుకసొంటిదే,
నలభై పాళ్ళు చేస్తే
నా వాటాకు
కాంటా ముల్లు కదలదు.

"ఎవరన్నా నీళ్ళు తేండ్రి" అన్నరు ఎవరో.
ఎవరన్నా అంటే ఎవరు?
ఆ పేరుగల్లోడు మా యార్డుల లేడు,
హాజరు పుస్తకం నేనే రాస్త.

"పొద్దుగాల్నే ఏసుకొచ్చిండు" అన్నడు దలాలి.
హమ్మయ్య అన్నట్టు యార్డంత గాలి పీల్చింది.
పోయిన వారం నేను రాసుకుంట రాసుకుంట తూలితే
ఎండ అన్న, జరమన్న, రాత్రి కరెంటు లేదన్న.
నా తూలుడుకు మూడు సాక్ష్యాలు,
వాని పడుడుకు ఒక్క సీసా.

అప్పుడు తొడిమెల కుప్పలకెల్లి లేచింది సాయవ్వ.
బిలోలి మనిషి,
మా మాట సగం, వాళ్ళ మాట సగం.
కారానికి ఉబ్బిన వేలు చాపి
"ఓ లెక్కల పిలగా! నువ్వే, నీలమంగీ! నీళ్ళు!
గంగాధర్, నువ్వు కాళ్ళు పట్టు!
తూ, గాడీ కాఢ్!"

ఒక్క వేలు.
నలభై మందిలకెల్లి
పుటుక్కున ఊడొచ్చిన, తొడిమె లెక్క.
ఉరికిన.

దవాఖానల షుగర్ పడిపోయిందన్నరు.
మాపటికి లేచి కూసోని చాయ్ అడిగిండట.
యార్డుల అందరు
"నేను లేద్దామనే అనుకున్న" అన్నరు.
అబద్ధం కాదు.
అదే భయం.

ఇక్కడ ఆపుదామనుకున్న.
ఆపితే నేను మంచోణ్ణయిత.

దీపాలు పెట్టేయాల్లకు సేటు
పుస్తకం దిక్కు చూడకుంటనే
"హన్మాండ్లుకు ఆధా దిన్" అన్నడు.
నలభై మంది లేరు. ఇద్దరమే.
సాయవ్వ కూలి గట్టుకోని ఎప్పుడో పోయింది,
నా దిక్కు ఏ వేలూ లేదు.
నీలమంగీ చేతికి ఇంక ఎర్ర దుమ్ము.
రాసిన,
అర.
కండ్లు మండినయి.
ఇయ్యాల సరుకు బాగ ఘాటున్నదనుకున్న.